మోటారు మామ వేసిన లంగరు

ఆ రోజుల్లో నాకు నీళ్లకు లోతు ఉంటుందని తెలుసు గానీ, వెడల్పు ఉంటుందని తెలియదు. మదనపల్లె పిల్లని కదా! మా వైపు నీళ్లంటే భూమి అడుగున ఎక్కడో దాక్కుని ఉండేవి. బోరు లారీ వచ్చి, వీధంతా తెల్ల దుమ్ము కొట్టి, చివరికి 'పడినాయి' అనో 'పడలేదు' అనో చెప్పి పోయేది. పడితే ఇంట్లో పాయసం, పడకపోతే పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం బంద్. అలాంటి ఇంట్లో పుట్టి, మా ఊరి పక్కనే ఉన్న అంగళ్లులో ఇంజనీరింగ్ ముగించి, గోవాలో పడవలు అద్దెకిచ్చే ఒక ఆఫీసులో చేరానంటే అందుకు సముద్రం మీద ప్రేమ కారణం కాదు. కంప్యూటర్లో బుకింగులు చూసే పని అన్నారు, చేరాను. కొన్నాళ్లకు పడవ మీద పనిచేసే మనిషి ఒకతను మానేశాడు. "నువ్వు దిట్టంగా ఉన్నావు, కాస్త తాళ్లు పట్టుకో" అని ఓనరు నన్ను కుర్చీలోంచి లేపి పడవెక్కించాడు. (దిట్టంగా ఉన్నావన్నది మెచ్చుకోలు కాదని నాకు చాలాకాలం తర్వాత గానీ తట్టలేదు.)

అది తెల్లటి తెరచాప పడవ. యాట్ అంటారు. లోపల చిన్న వంటగట్టు, రెండు పడక గదులు, నిలబడితే తల తగిలే బాత్రూము, మెట్ల కింద ఒక డీజిల్ ఇంజను. దారిలో గాలి ఉంటే తెరచాప విప్పుకోవడం, ఇరుకు చోట్ల ఇంజను వేసుకోవడం, అదీ పద్ధతి. ఆ పడవను నడిపేది కుప్పం అక్క. మనిషి పొట్టి. ఎండకు కమిలిన ముఖం, జుట్టుకు ఎప్పుడూ ఏదో ఒక తాడుముక్క. కుప్పం పక్కన పల్లెలో, క్వారీల్లో రాళ్లు కొట్టే కూలీల ఇంట్లో పుట్టింది. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపుకని తీసుకుపోతే అక్కడ మొదటిసారి తెరచాప పడవ ఎక్కిందట, ఆ తర్వాత ఆమెను ఎవరూ దించలేకపోయారట. నాకు ఆమె అంటే ఎంత ఆరాధన అంటే, ఊగే పడవ మీద ఆమెలాగా చేతులు వదిలేసి నడవాలని చూసి వంటగట్టు మీద పడ్డాను. మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపిస్తుంటాను.

అయితే అక్క అప్పటికి పేరుకే కెప్టెన్. ఎవరైనా సెలవు పెడితే ఆ రోజుకు నడిపేది, అంతే. అంతకుముందు పనిచేసిన ఇద్దరు మగ కెప్టెన్లూ ఇంజను ఆగిపోయిందనో, లంగరు జారిందనో చేపల పడవకు తాడు కట్టించుకుని, పలుపు కట్టిన ఎద్దులా దాని వెనకాల రేవుకు వచ్చారు. రేవు రేవంతా నవ్వింది. దాంతో మా ఓనరుకు ఒళ్లు మండి, అక్కను పిలిచి ఒక పందెం లాంటిది పెట్టాడు. "ఆదివారం నువ్వే తీసుకుపో. కొండ అవతలి బేలో, ఆ సముద్రపు వంపులో, లంగరు వేసి, భోంచేసి, సాయంత్రానికి తిరిగిరా. ఎవరి చేతా లాగించుకోకుండా వస్తే ఈ సీజనంతా పడవ నీది. లాగించుకుని వచ్చావా, ఇంక ఆఫీసులో కూర్చోవడమే." అక్క "సరి" అంది. ఆ సాయంత్రం పడవలో ఉన్న తాళ్లన్నీ విప్పి, కడిగి, మళ్లీ చుట్టింది. ఆమెకు ఆ పడవ ఎంత కావాలో నాకు అప్పుడు తెలిసింది.

సరిగ్గా శనివారం పొద్దున మా మోటారు మామ దిగాడు. మా అమ్మ తమ్ముడు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో బోర్లలోకి మోటార్లు దించాలన్నా, చెడిపోతే పైకి లాగాలన్నా మామే రావాలి. మామ ముడి వేస్తే మోటారు తుప్పుపట్టి పోవాల్సిందే గానీ ముడి ఊడదని పేరు. మేనకోడలు సముద్రం మీద ఏం చేస్తోందో కళ్లారా చూసి రమ్మని మా అమ్మ పంపిందట. ఒక సంచి నిండా టమోటాలు (గోవాలో టమోటాలు ఉండవని ఎవరు చెప్పారో), ఒక డబ్బా చెనిక్కాయల ఊరిబిండి (వేరుశెనగల రోటి పచ్చడి), చేతిలో మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను.

"ఈ క్యాను యాల మామా?"

"ఈత రాదు గదమ్మా నీకు. నడుముకు కట్టుకో. బాయిలో పిల్లోల్లకు ఇట్లనే నేర్పిస్తాం."

"లైఫ్ జాకెట్ ఉండాది మామా."

"అది కంపెనీది. ఇది మనది," అన్నాడు, అక్కడితో ఆ విషయం తేలిపోయినట్టు.

ఆదివారం మామ కూడా వస్తానంటే అక్క వద్దనలేదు. "రాన్నా, బరువు కొంచెం ముందరికి ఉంటే మంచిదే," అంది. మామ దాన్ని గౌరవంగా తీసుకుని, పడవ మూతి దగ్గర చొక్కా గుండీలు సరిచేసుకుని కూర్చున్నాడు. పొద్దున గాలి లేదు. ఇంజను మీదనే టకటకమంటూ కొండను చుట్టి, మధ్యాహ్నానికి బేలోకి చేరాం. నిజం చెప్పాలంటే అంత అందమైన చోటు నేను మళ్లీ చూడలేదు. వంకీ తిరిగిన ఒడ్డు, కొబ్బరిచెట్లు, ఒక పక్కన నల్లరాళ్లు, గాజులాంటి నీళ్లు. దూరంగా ఒక చేపల పడవ, అందులో ఇద్దరు వలలు సర్దుకుంటున్నారు. మామ చేతులు జోడించి, "ఇన్ని నీళ్లు పెట్టుకోని, మనకాడ యాల ఇట్ల చేసినావు దేవుడా," అని పైకి చూశాడు.

లంగరు వేసే పని మామూలుగా నాది. ఆ రోజు నేను కింద టమోటాలు తరుగుతున్నాను. "నేను దించుతా తల్లీ, నా పని అదే గదా," అని మామ ముందుకొచ్చాడు. అక్క వెనక చుక్కాని దగ్గరుంది. ఇక్కడ చదివేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి. లంగరు తన బరువుతో పడవను ఆపదు. తాడు పొడుగ్గా, నేలబారుగా పరుచుకుని ఉంటే ఆ కొక్కెం ఇసుకలో గుచ్చుకుని పట్టుకుంటుంది. అందుకని లోతు ఎంతుంటే దానికి ఐదారింతలు తాడు వదలాలి. మామ జీవితమంతా దీనికి తలకిందులుగా బతికినవాడు. బోరులో మోటారు సరైన లోతుకు దిగిందా, అక్కడే ఆపి బిగించాలి. అదనంగా ఒక్క జాన తాడు వదిలినా మోటారు బురదలో కూర్చుని కాలిపోతుంది. ఆయన వృత్తిధర్మం అది.

కాబట్టి కొక్కెం అడుగుకు తగలగానే మామ తాడు ఆపేశాడు. ఆపి, పుంగనూరు ప్రాంతమంతా పేరు మోసిన ఆ ముడి వేశాడు. "వదిలినావా అన్నా?" అని అక్క వెనకనుంచి కేకేసింది. "తగిలిందమ్మా, అడుగు తగిలింది! పిసరంత తాడు కూడా వేస్టు కాలే!" అన్నాడు మామ. ఇంజను చప్పుడులో అక్కకు 'తగిలింది' వరకే చేరింది. మామ బొటనవేలు కూడా ఎత్తి చూపించాడు. ఆమె ఇంజను ఆపేసింది.

మేము అన్నం కలుపుకుని కూర్చున్నాం. ఊరిబిండి నోట్లో పెట్టుకుని అక్క కళ్లు మూసుకుంది. "మా అవ్వ చేసినట్లే ఉండాదన్నా," అంది. మామ ఉబ్బిపోయి మా అత్త రోలు గురించి మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. కిటికీలోంచి చూస్తూ, "పాపా, ఆ కొబ్బరిచెట్టు ఇందాక ఈడ లేదు గదా?" అన్నాడు.

"చెట్లు యాడికి పోతాయి మామా, కూర్చో."

"కాదమ్మా, జరుగుతాండాది. అద్దో, ఇప్పుడు రాళ్లు వస్తాండాయి."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. చేయి కడుక్కోకుండానే మెట్లెక్కింది. పైన ఆ రోజు మొదటి గాలి వచ్చింది, సముద్రం మీంచి ఒడ్డువైపుకు, బాగా జోరుగా. పొట్టి తాడుకు లంగరు నిటారుగా వేలాడుతూ, ఇసుకను గీరుకుంటూ మాతోపాటు ప్రయాణం చేస్తోంది. వెనక నల్లరాళ్లు. వాటి మీద నురగ.

అక్క ఇంజను వేసింది. అది బుద్ధిగా మొదలై, కాసేపటికే కీచుమని అలారం మోగించి, వేడెక్కి పొగ కక్కింది. ఆమె వెంటనే ఆపేసింది. మామ అప్పటికే పంచె ఎగ్గట్టి స్పానర్ అడిగాడు. "డీజిల్ పైపులో గాలి పట్టింటుందమ్మా, నాకు వదిలెయ్!" అని ఒక నట్టు వదులు చేశాడు. చొక్కా మీదికి డీజిల్ ఎగజిమ్మింది. నట్టు బిగించి మళ్లీ వేస్తే మళ్లీ అదే అలారం. ఇంజనును చల్లబరిచి బయట పైపులోంచి పడాల్సిన నీళ్లు పడటం లేదని చూసి, మామ అక్కడే చతికిలపడి, ఇంటికి చుట్టం చచ్చిన కబురు వచ్చినట్టు చెప్పాడు. "ఇంజన్లో ఏం లేదు తల్లీ. దానికి నీళ్లు అందడంలే."

సముద్రం మధ్యలో, నాలుగు వైపులా నీళ్లే ఉండగా, నీళ్లందక మోటారు ఆగిపోయింది! మా ఊరి జబ్బు మమ్మల్ని వెతుక్కుంటూ గోవా దాకా వచ్చిందన్నమాట. (అడుగున నీళ్లు పీల్చే రంధ్రానికి ప్లాస్టిక్ కవరు అతుక్కుందని తర్వాత తేలింది. అప్పుడు మాకేం తెలుసు?)

నేను అరవడం మొదలుపెట్టాను. ఏమని అరిచానో గుర్తులేదు, 'అమ్మా' అనే మాట చాలాసార్లు వచ్చిందట. మామ నాకంటే గట్టిగా, "అరవద్దు పాపా, అరవద్దు!" అని అరుస్తున్నాడు. ఆ గోలలో అక్క గొంతు రోజూ టీ కావాలా అని అడిగేటంత మెల్లగా వినిపించింది. "అన్నా, ముందరికి పోదాం. ఇంకా తాడు వదలాల. ముడి విప్పు."

మామ ముఖం చూడాలి మీరు. ఊడదని పేరు తెచ్చుకున్న ముడి! పైగా పడవ బరువంతా దాని మీద లాగుతోంది. గోళ్లతో పీకాడు, పళ్లతో పట్టాడు, పూజారి మంత్రం మర్చిపోయినట్టు దాని ముందు నిలబడిపోయాడు. "నేనేసింది నేనే ఇప్పలేకుండా ఉండానమ్మా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"ముడి మంచిదేన్నా. దాని మీద బరువు తీసేస్తే అదే వస్తుంది," అంది అక్క. మంచి ముడి అని ఆ సమయంలో అనగలిగిన మనిషి! చిన్న తాడొకటి తీసుకుని, ముందుకు వంగి, లంగరు తాడుకు ముడికి అవతల బిగించింది. రెండో కొస వెనకకు తెచ్చి, తెరచాపలు బిగించే గిలకకు చుట్టి, పిడి నా చేతికిచ్చింది. "తిప్పు పాపా." దిట్టంగా ఉన్నానన్నారు కదా, ఆ రోజు ఆ పేరు నిలబెట్టుకున్నాను. తిప్పుతుంటే లాగే బరువు చిన్న తాడు మీదికి మారి, మామ ముడి సడలింది. మామ స్క్రూడ్రైవర్ దూర్చి దాన్ని విప్పాడు. అక్క గిలక మీది చిన్న తాడును వదులు చేసింది. "ఇప్పుడు వదులన్నా. అంతా వదులు." మామ తాడంతా వదిలాడు, అంత తాడు నీళ్లపాలు అవుతుంటే కళ్లు మూసుకుని మరీ వదిలాడు. చివరి కొస నీళ్లలోకి పోకుండా అక్క బిగించింది. పడవ ఇంకా వెనక్కి పోయింది. నురగ తుంపర మా మీద పడింది. అప్పుడు తాడు బిగుసుకుని, పడవ మూతి గాలికి తిరిగి, ఆగింది.

రాళ్లు వెనకాలే ఉన్నాయి. మా వీధిలో ఎదురింటికి చక్కెర అడగడానికి పోయేటంత దూరం. చేపల పడవ వాళ్లు మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చి, తాడు చుట్ట ఎత్తి చూపించి, లాగమంటారా అని సైగ చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సరేనని చెయ్యెత్తబోతే, అక్క ముఖం చూసి నా చెయ్యి సగంలో ఆగింది. ఆ తాడు పట్టుకుంటే మేము రేవుకు చేరతాం. ఆమె ఆఫీసు కుర్చీకి చేరుతుంది.

ఆమె వాళ్లకు కొంకణిలో ఏదో చెప్పింది. మాతో అంది, "దగ్గరే ఉండమన్నాను. తెరచాప మీద బయటపడేదానికి చూస్తా. ఒక్కసారే. మన వెనకున్న ఆ నల్లరాయి పక్కకు జరిగినట్టు కనపడలేదనుకో, మనం బయటపడనట్టే, నేనే చెయ్యెత్తి పిలుస్తా. పడవ నాది కాకపోయినా పర్వాలే, మీకు ఏమీ కాకూడదు." ఇందులో గొప్ప డైలాగేమీ లేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. పంతం ఉన్నవాళ్లను చాలామందిని చూశాను. పంతానికి ఎక్కడ ఆపాలో ముందే గీత గీసుకున్న మనిషిని అప్పుడే చూశాను.

గాలి సముద్రం నుంచి వస్తోంది, మేం పోవాల్సింది సముద్రంలోకే. గాలికి ఎదురుగా తెరచాప పడవ నేరుగా పోలేదు, ఏటవాలుగా అటూ ఇటూ కోసుకుంటూ పోవాలి. అక్క చెప్పగానే మామకు అర్థమైంది. "హార్స్‌లీ కొండ ఎక్కినట్ల, వంకరకో మలుపు!" అన్నాడు. "అంతేన్నా. నేను మలుపు తిప్పినప్పుడు లంగరు తాడు వదులవుతుంది, అప్పుడు లాగు. చాలు అంటే కట్టెయ్. ముడి వద్దు, చుట్టు చాలు." ముడి వద్దన్నప్పుడు మామ తల వంచుకున్నాడు.

తెరచాప లేచి టపటపా కొట్టుకుంది, నిండింది, పడవ పక్కకు ఒరిగింది. "ఇప్పుడు," అంది అక్క. మామ లాగాడు. కుర్రతనంలో గిలకలు లేని రోజుల్లో ఒట్టి చేతులతో మోటార్లు లాగిన భుజాలవి. డీజిల్ చొక్కా, ఎగ్గట్టిన పంచె, "ఏసుకో... ఏసుకో..." అని ఊపిరి పాట. "చాలు," అంది అక్క. ఇటు మలుపు. "ఇప్పుడు." అటు మలుపు. "ఇప్పుడు." నేను తెరచాప తాళ్లు ఒక పక్క వదలడం, ఇంకో పక్క బిగించడం. మూడో మలుపుకో నాలుగో మలుపుకో లంగరు నేలనుంచి ఊడింది. ఇంక మమ్మల్ని పట్టుకున్నది ఏదీ లేదు. నేను నల్లరాయినే చూస్తున్నాను. అది అలాగే నా వెనక ఉంది. ఉంది. ఉంది. అక్క చెయ్యి చుక్కాని మీంచి కొంచెం పైకి లేచింది, పిలవడానికే. అప్పుడు ఆ రాయి మెల్లగా, పెళ్లిపందిట్లో పెద్దాయన జరిగి చోటిచ్చినట్టు, పక్కకు జరిగింది.

చేపల పడవ వాళ్లు ఈల వేశారు. మామ లంగరును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఏడ్చాడు. నేను నవ్వుతున్నాను అనుకున్నాను గానీ, నాది కూడా ఏడుపేనట.

సాయంత్రం రేవులోకి ఇంజను లేకుండానే వచ్చాం. పడవల మధ్య సందుల్లోంచి, తెరచాప ఒక్కటే విప్పి, చప్పుడు లేకుండా అక్క దాన్ని సరిగ్గా గట్టు పక్కనే ఉన్న మా బోయ దగ్గరికి తెచ్చి నిలిపింది. (బోయ అంటే పడవను కట్టేందుకు నీళ్లలో తేలే డ్రమ్ము.) రేవు మీద టీ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు. నేను కర్రతో బోయ తాడును మొదటిసారికే అందుకున్నాను. అందుకున్న ఆనందంలో కూలబడ్డాను, అది వేరే సంగతి.

ఓనరు గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని ఉన్నాడు. "ఇంజను ఎందుకు వేయలేదు? రేవులో షోకులా?" అన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు! నేను మనసులో మొక్కుకున్నాను, అక్కా, అవును షోకే అని చెప్పేయ్ అని. ఆమె మొత్తం చెప్పింది. ఇంజను వేడెక్కింది, లంగరు జారింది, రాళ్ల దగ్గరికి పోయాం. మామ ఆగలేక, భాష రాకపోయినా, "తాడు నేనే సార్, నేనే, పుంగనూరు," అని తన గుండెలు తట్టుకున్నాడు. అక్క ఆయన్ను పక్కకు జరిపి, "వేసింది ఎవరైనా, సరిగ్గా పడిందా అని చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు," అంది.

"పక్కన చేపల పడవ లేదా?"

"ఉంది."

"మరి పిలవలేదేం? పందెం కోసమా?"

"దగ్గర ఉండమన్నాను. అవసరం వచ్చుంటే పిలిచేదాన్ని."

అయిపోయింది, అనుకున్నాను. ఓనరు పడవ పొడవునా గట్టు మీద నడిచాడు. గీత కూడా పడని దాని పక్కను చూశాడు. తిరిగి వచ్చి, ఎటో చూస్తూ, "రేపు ఇంజను విప్పించు. బుధవారం నుంచి నీ పడవకు బుకింగులున్నాయి," అని వెళ్లిపోయాడు. నీ పడవ అన్నాడు. మామకు హిందీ రాదు కాబట్టి, "ఏమన్నాడు? ఏమన్నాడు పాపా?" అని నా చెయ్యి గుంజుతున్నాడు. నేను అక్కను చూస్తున్నాను. ఆమె మాకు వీపు పెట్టి కూర్చుని, అప్పటికే చుట్టి పెట్టిన తాడును విప్పి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు చుట్టింది.

మర్నాడు మామ బస్సెక్కుతూ, "మీ యమ్మతో చెప్తాలే, నువ్వు బాగుండావని," అన్నాడు. మెట్టు మీంచి వెనక్కి తిరిగి, "ఆ తల్లి ఒక్కసారన్నా అరిసిందా, సూసినావా?" అన్నాడు. పుంగనూరు పోయాక బోరు పని దగ్గర కుర్రోళ్లను తిట్టడం మానేశాడని అత్త చెప్పింది. ఎక్కువ రోజులు మానేయలేదని కూడా చెప్పింది.

నేను ఇంకొక సీజన్ అక్కడే ఉండి, పెళ్లి, పిల్లలు అని మదనపల్లె వచ్చేశాను. అక్క ఇప్పటికీ సముద్రం మీదే ఉంది. ఇప్పుడు ఇంకా పెద్ద పడవట. నేను టమోటా మార్కెట్ యార్డులో లారీలు పంపించే ఆఫీసు చూస్తున్నాను. సీజన్లో యార్డు సంగతి మీకు తెలిసిందే. గేటు దగ్గర లారీలు ఒకదానికొకటి అడ్డం పడతాయి, క్రేట్లు ఎండకు మగ్గిపోతుంటాయి, డ్రైవర్లు, హమాలీలు, రైతులు అందరూ ఒకేసారి అరుస్తారు. అప్పుడు నేను ముందుకు పోయి, నడుము నిటారుగా పెట్టి, అక్కలాగా గొంతు బాగా తగ్గించి, "ఆ వెనక బండి కొంచెం వెనక్కి తీయండన్నా," అంటాను. ఎవరికీ వినపడదు. సముద్రం గాలిలో ఆమె మాట ఎట్లా వినపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నవ్వుకుని, ఊపిరి బాగా పీల్చుకుని, అరుస్తాను.